నీలం టై, తుమ్మముల్లు

టై బడిలోనే కొనాలట. ఒక్క టై కావాలంటే ఇవ్వరట. టై, బెల్టు, రెండు జతల సాక్సులు కలిపి ఒకే కవరులో పెట్టి ఇస్తారట. మా మనవరాలి బెల్టు నిక్షేపంలాగా ఉంది. సాక్సులకు మడమ దగ్గర నేనే దారం అల్లాను, ఇంకో ఏడాది వస్తాయి. పోయింది టై ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం ఇంట్లో ఉన్నవన్నీ మళ్ళీ కొనమంటే నేను కొనను. ఆ మాట కోడలితో చెప్పాను, కొడుకుతో చెప్పాను, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను.

"మరి సోమవారం ఎట్ల జేజీ?" అంది అది.

సోమవారం దాని వంతు. ఏడో తరగతి పిల్లలు రోజుకొకరు పొద్దున ప్రార్థన పాట అయ్యాక మైకు ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలని వాళ్ళ ఇంగ్లీషు మేడం పెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో విషయం. మా పిల్లకు వచ్చింది, బట్టలకు తోడుగా మనం ఒంటి మీద పెట్టుకునే వస్తువుల ఇంగ్లీషు పేర్లు. ఆ పేర్లు ఎక్కడ పుట్టాయి, మొదట్లో వాటికి అర్థం ఏమిటి అని. టై, బటన్, కర్చీఫ్, షాల్, పర్సు, లేసు, పిన్ను, ఇట్లాంటివి. యూనిఫాం పూర్తిగా లేని పిల్లలను మైకు దగ్గరికి రానివ్వరు. నెల రోజులుగా రాసుకుని, దిద్దుకుని, అద్దం ముందు నిలబడి చెప్పుకుని అది సిద్ధంగా ఉంది. టై లేకపోతే అదంతా దండగ.

"నేను కుడతా. సోమవారానికి నీ మెడలో ఉంటాది," అన్నాను.

"నువ్వు టై ఎప్పుడన్నా కుట్టినావా?"

"యాభై ఏండ్లుగా ఊరందరి చొక్కాలకు కాజాలు కుడతన్నా. టై ఏమన్నా బ్రహ్మాండమా?"

మేముండేది మార్కాపురంలో. కొడుకు పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు, కోడలు అక్కడే పలకలకు చట్రాలు బిగిస్తుంది. నేను ఇంటి దగ్గర కాజాలు కుడతాను. కాజా అంటే చొక్కాకు బొత్తాం దూరే రంధ్రం. దర్జీ చొక్కా కుట్టి పంపిస్తే ఆ రంధ్రం కోసి, దాని అంచు పీకిపోకుండా చుట్టూ దారంతో అల్లాలి. బొత్తాలూ ఉక్సులూ కూడా నేనే పెడతాను. ఇప్పుడు దానికి మిషన్లు వచ్చాయి. అయినా చేతి కాజా కావాలని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళున్నన్నాళ్ళు నా సూదికి పని ఉంటుంది.

టై ఎలా పోయిందో కూడా చెప్పాలి, లేకపోతే పిల్ల అజాగ్రత్త అనుకుంటారు. ఆటల పోటీల రోజు దాని స్నేహితురాలు పరుగెత్తుతూ పడి మోకాలు చీరుకుందట. రక్తం ఆగకపోతే ఇది మెడలో టై తీసి కట్టింది. ఆసుపత్రిలో నర్సు ఆ కట్టు కోసేసి చెత్తబుట్టలో వేసింది. నేను పిల్లను ఒక్క మాట అనలేదు. టై పుట్టిన తర్వాత ఒక మనిషికి పనికొచ్చింది ఆ రోజేనేమో.

ఆ నెల రోజులూ సాయంత్రం బడి నుంచి వచ్చి అది నా పక్కన కూర్చుని పుస్తకాల్లోంచీ ఫోన్లోంచీ ఏరుకొచ్చిన మాటలు తెలుగులో చెప్పేది. నేను కాజా అల్లుతూ వినేదాన్ని. నేను చదివింది మూడో తరగతి సగం. ఇంగ్లీషు నాకు పెట్టెల మీద బొమ్మలతో పాటు కనిపించే గీతలే. కానీ ఆ వస్తువులన్నీ నా చేతుల్లోంచి పోయినవే, కాబట్టి వినాలనిపించింది.

"బటన్ అంటే పాత ఫ్రెంచి భాషలో మొగ్గ, జేజీ."

నేను చేతిలోని బొత్తాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాను. ఈ కాలం బొత్తాం బిళ్ళలాగా చదునుగా ఉంటుంది. నా చిన్నప్పుడు గుడ్డను ఉండ చుట్టి కుట్టిన గుండీలుండేవి, అవి అచ్చం మొగ్గల్లాగానే ఉండేవి. పేరు పెట్టినవాడెవడో కళ్ళున్నవాడే అనుకున్నాను.

"మనం బొత్తాం అంటాం చూడు, అది పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిందంట. కాజా కూడా వాళ్ళదేనంట. కాజా అంటే వాళ్ళ భాషలో ఇల్లు."

"ఇల్లా?"

"ఇల్లే. బొత్తాం పోయి కూర్చునే ఇల్లు."

ఆ మాటకు నేను కాసేపు సూది ఆపాను. యాభై ఏళ్ళుగా ఇన్ని ఇళ్ళు కట్టి, కట్టింది ఇల్లని తెలియకుండా ఉన్నానే అనిపించింది. పైకి మాత్రం, "కట్టిన ఇంటికి కొలతలు సరిగా ఉంటే చాలు, పేరు ఏదైనా ఒకటే," అన్నాను.

కర్చీఫ్ అంటే తల కప్పుకునే గుడ్డ అట. ఆ తల గుడ్డను చేత్తో పట్టుకుని ముక్కు తుడుచుకోవడం మొదలుపెట్టాక ముందు చెయ్యి అనే మాట తగిలించారట. "మీ తాత తువ్వాలును తలకు చుట్టుకునేటోడు, దాంతోనే మొహం తుడుచుకునేటోడు, దాంట్లోనే శెనక్కాయలు మూట కట్టుకొచ్చేటోడు. దానికి ఒక్కటే పేరు," అన్నాను. పర్సు అంటే తోలు అట. గొర్రెల మందలో పుట్టిన నాకు ఆ మాట చెప్పాలా. లేసు అంటే మొదట్లో ఉచ్చు అట. మా నాయన కౌజుపిట్టల కోసం గుర్రపు వెంట్రుకతో ఉచ్చులు పన్నేవాడు, అవి గుర్తొచ్చాయి. స్కార్ఫ్ అంటే ఒకప్పుడు దూరాలు నడిచే యాత్రికులు మెడలో వేలాడేసుకునే సంచి అని కొందరు అంటారట. షాల్ పారశీకపు మాట. బ్యాంగిల్ మన దేశంలోనే హిందీ వాళ్ళు గాజును అనే బంగ్డీ.

కమర్‌బంద్ అనే మాట వచ్చినప్పుడు నాకు పని ఇచ్చే దర్జీ మా ఇంట్లోనే ఉన్నాడు, చొక్కాల మూట తీసుకుపోవడానికి వచ్చి. ఇంగ్లీషు వాళ్ళు కోటు కింద నడుముకు చుట్టుకునే పట్టీ అది అని పిల్ల చెబుతుంటే అతను నవ్వాడు.

"అది మా ఉర్దూ మాట గదమ్మా. కమర్ అంటే నడుం, బంద్ అంటే కట్టు. మా ఇంట్లో రోజూ అనేదే. వాళ్ళెప్పుడు పట్టుకపోయినారో."

"నడుంకి కట్టుకున్నారులే మామా, తిరిగి ఇస్తారంటావా?" అంది పిల్ల.

ఇక టై. టై అంటే పాత ఇంగ్లీషులో కట్టేసే తాడు. ఆ వస్తువు మాత్రం వేరే చోటి నుంచి వచ్చింది. ఎక్కడో క్రొయేషియా అనే దేశం నుంచి యుద్ధానికి వచ్చిన సిపాయిలు మెడకు గుడ్డ చుట్టుకుని కనిపిస్తే, ఫ్రాన్సులో దొరలు చూసి మోజుపడి తామూ కట్టుకున్నారట. అక్కడి నుంచి ఊరూరా పాకిందట.

అన్నీ విన్నాక నాకు ఒకటి అర్థమైంది. సగానికి సగం ఒకరి దగ్గర ఒకరు ఎరువు తెచ్చుకున్నవే. అడగకుండా తెచ్చుకున్నవి కూడా ఉన్నాయి. అట్లాంటి దాన్ని పట్టుకుని, మా కవరులోదే వేసుకోవాలి, బయటిది పనికిరాదు అంటే నాకు ఒళ్ళు మండింది. సిపాయి చెమట తుడుచుకున్న గుడ్డ మా పిల్ల మెడలో లేకపోతే అది నోరు తెరవకూడదా?

శనివారం పక్కింటి పిల్ల టై ఒక గంట అడిగి తెచ్చుకున్నాను. ముదురు నీలం గుడ్డ, దాని మీద రెండేసి తెల్ల గీతలు ఏటవాలుగా ఉన్నాయి. పొడుగు జానలతో కొలిచాను, వెడల్పు వేళ్ళతో కొలిచాను. విప్పి చూస్తే మళ్ళీ కుట్టివ్వాలి కాబట్టి విప్పలేదు. కొలతలు మనసులో పెట్టుకుని దర్జీ అంగడికి పోయి, ఎవరో ప్యాంటుకని తెచ్చి మిగిల్చిపోయిన నీలం గుడ్డ అడిగాను. ఆ రంగు బడి రంగు కన్నా ఒక పిసరు ముదురు. అతను గుడ్డ ఇస్తూ చెప్పాడు.

"పెద్దమ్మా, టైకి గుడ్డ క్రాసు పెట్టాల. మూల నుంచి మూలకు ఐమూలగా కత్తిరించు."

"ఐమూలగా పెడితే గుడ్డ ఎంత పడతాది?"

"నిలువుకు పట్టేదానికి రెండింతలు పడతాది. మూలలన్నీ పోతాయి గదా."

"అయితే నాకొద్దులే. నిలువుగానే కోస్తా. మిగిలినదాంట్లో ఒక సంచి అవుతాది."

"నిలువుగా కోస్తే మెడలో నిలవదు పెద్దమ్మా. తాడు మాదిరి మెలితిరుగుతాది."

"ఒరే అబ్బయ్యా, నువ్వు నిక్కరేసుకుని తిరిగేటప్పటి నుంచి నేను సూది పట్టుకున్నా. నీ ప్యాంట్లు నువ్వు కుట్టుకో పో."

అతను మళ్ళీ మిషను మీద వంగాడు. వాళ్ళ నాయన కాలం నుంచి అక్కడ పని చేస్తున్నదాన్ని, నన్ను దాటి మాట్లాడడు. మాట్లాడి ఉంటే బాగుండేది.

నిలువుగా కోశాను. లోపల బిగువు కోసం బక్రం గుడ్డ పెట్టి, వెనక కనపడకుండా కుట్టాను. తెల్ల గీతలకు కాజా దారం తీసుకుని, పక్కింటి పిల్ల టై మీద ఎంత ఏటవాలుగా ఉన్నాయో అంతే ఏటవాలుగా గీతలు కుట్టాను. ఆ పని నాకు అందంగా వచ్చింది. ఆదివారం పిల్ల మెడలో వేసి అద్దం ముందు నిలబెట్టాను.

"కొంచెం తిరిగినట్టుంది జేజీ."

"ఇస్త్రీ పెడితే సర్దుకుంటాది."

ఇస్త్రీ పెట్టాను. సర్దుకుంది. మిగిల్చిన గుడ్డను మడిచి నా సూదుల సంచిలో పెట్టుకుంటూ, దర్జీకి ఎట్లా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

సోమవారం పొద్దున నేనూ దానితోపాటు నడిచాను. కాజాల మూట అంగడికి ఇవ్వాలి, బడి ఆ దారిలోనే ఉంది. అసలు సంగతి మైకులో దాని గొంతు వినాలని. బడి గేటు బయట గోడ పక్కన మూట దించుకుని నిలబడ్డాను. అక్కడి వాచ్‌మన్ బేస్తవారిపేట వైపు మనిషి. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు.

ప్రార్థన పాట అయింది. మైకులో ఎవరో పిల్లవాడి పేరు పిలిచారు. వాడు చెట్లకు నీళ్ళు పోయడం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను గేటు సందులోంచి చూశాను. వరసలకు దూరంగా, ఎండలో, బూట్లు లేని ఇద్దరు పిల్లల పక్కన మా పిల్ల నిలబడి ఉంది. చేతిలో కాగితం నాలుగు మడతలు పడి ఉంది.

నేను గేటు తోశాను.

"అక్కా, లోపలికి పోగూడదు. ప్రార్థన అయినాక పోదువు," అన్నాడు వాచ్‌మన్.

"అయినాక ఎందుకు పోవడం? అయ్యేది అయిపోయినాక?"

అతను అడ్డం రాలేదు. నేను నేరుగా పిల్ల దగ్గరికి పోయి, అది కాదనేలోపు దాని చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డాను. ప్రార్థన ముగించి ఆమె వచ్చేదాకా కదల్లేదు. ఆమె ఒంగోలు అవతల ఊరి నుంచి వచ్చిన మనిషి. మెత్తగానే మాట్లాడుతుంది.

"మామ్మగారూ, కూర్చోండి. ఏమైంది?"

"నా మనవరాలిని ఎండలో నిలబెట్టినారు మేడం. ఏం తప్పు చేసినాది?"

"టై లేదండీ."

"మెడలో వేలాడేది ఏంది మరి?"

"అది మా స్కూలు టై కాదండీ."

"నీలం గుడ్డ, తెల్ల గీతలు. నేనే కుట్టినా. ఊర్లో పెద్ద మనుషుల చొక్కాలకు నా చేతి కుట్టే. మీ కవరులో టై ఒక్కటే ఇచ్చేటట్టయితే కొనేదాన్ని. ఉన్న బెల్టు పారేసి ఇంకో బెల్టు ఎందుకు కొనాల?"

"రూలు అందరికీ ఒకటే మామ్మగారూ. కానీ నేను దాని కోసం కూడా అనలేదు. మీరే చూడండి."

ఆమె లేచి వచ్చి పిల్ల భుజాలు పట్టుకుని నా వైపు తిప్పింది. కిటికీలోంచి తరగతులకు పోతున్న పిల్లల వరస కనిపిస్తోంది. అందరి టైలూ గుండెల మీద బల్లపరుపుగా వేలాడుతున్నాయి. మా పిల్లది ముడి కింద నుంచే మెలితిరిగి, వెనక వైపు ముందుకొచ్చి, నేను కనపడకుండా కుట్టాననుకున్న కుట్లన్నీ లోకానికి చూపిస్తూ ఒక పక్కకు పోయి ఉంది. ఇంటి నుంచి బడిదాకా నడిచేసరికి ఇస్త్రీ అంతా పోయింది.

అప్పుడు ఇంకొకటి కూడా చూశాను. ఆ పిల్లల టైల మీద గీతలు ఎవరూ ఏటవాలుగా కుట్టలేదు. గుడ్డలో గీతలు నేరుగానే ఉన్నాయి. గుడ్డనే ఐమూలగా కత్తిరించారు కాబట్టి గీతలు వాటంతట అవే ఏటవాలుగా వచ్చాయి. పక్కింటి పిల్ల టైని గంటసేపు చేతిలో పెట్టుకుని, ఆ గీతలను చూసి చూసి వచ్చి కుట్టాను. దర్జీ నోటితో చెప్పింది గుడ్డ నాకు కళ్ళకు కట్టి చూపించింది. నేను చూడలేదు. గుడ్డ మిగలాలి, అంతే నాకు కావలసింది.

నాకు తప్పు ఒప్పుకోవడం రాదు. మా ఇంట్లో ఎవరినైనా అడగండి. కానీ ఎదురుగా పిల్ల ఉంది.

"కోత తప్పింది మేడం. అది నా తప్పు. బిడ్డది కాదు. తప్పు నాదైతే ఎండలో నన్ను నిలబెట్టాల, దాన్ని ఎందుకు నిలబెట్టినారు?"

ఆమె సొరుగు లాగి ఒక టై తీసింది. "ఇది ఇక్కడ పడుంది. ఇవాళ్టికి వేసుకోమనండి. మధ్యాహ్నం క్లాసులో మాట్లాడిస్తాను."

"వద్దు. అడుక్కుని మెడలో వేసుకున్నది మాట్లాడేటప్పుడు గొంతు పట్టుకుంటాది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా నాకు టైం ఇవ్వండి. ఈ వరండాలో కూర్చుని మళ్ళీ కుడతా. సరిగా వేలాడితే మాట్లాడనిస్తారా?"

ఆమె గడియారం చూసింది, నన్ను చూసింది. "సరిగా వేలాడితే మాట్లాడనిస్తాను," అంది.

నేను గెలిచాననుకుని బయటికి వచ్చాను. మా పిల్ల వరండాలో ఆగిపోయింది. టై మెడలోంచి లాగేసి నా చేతిలో పెట్టింది.

"ఇంటికి పోదాం పద జేజీ. నేను మాట్లాడను."

"మాట్లాడనిస్తానని చెప్పినాది గదా ఆయమ్మ."

"అందరూ నవ్వినారు. నేను ఈ బడికి రాను. రేపట్నుంచి వేరే బడికి పోతా, లేదంటే అస్సలు పోను. నువ్వు మూడో తరగతే చదివినావు, బతకలేదా?"

ఆ మాటలు నాకు కొత్తవి కావు. అచ్చం ఆ గొంతుతోనే, దాని భుజం ఎత్తు ఉన్నప్పుడే, నేనూ అన్నాను. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఏమిటంటే, మా నాయన నన్ను గొర్రెల వెంట పంపడానికి మూడో తరగతిలో బడి మాన్పించాడని. నా మొగుడికి అదే చెప్పాను, కొడుక్కి అదే చెప్పాను, కోడలికి కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పాను. ఆ వరండాలో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి నిజం చెప్పాను.

మాది కొమరోలు దగ్గర ఊరు. బడికి పోయేటప్పుడు మా అమ్మ పాత రైక కోసి నాకు చిన్నది కుట్టింది. దానికి ఉక్సులు ఊడిపోయాయి. ఇంట్లో పిన్ను కూడా లేదు. మందలో ఆడవాళ్ళు చేసేదే నేనూ చేశాను, రెండు తుమ్మముళ్ళు విరిచి రైకకు గుచ్చుకుని పోయాను. అయ్యవారు చూసి, బడి అనుకున్నావా గొర్రెల దొడ్డి అనుకున్నావా అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేను పలక చంకన పెట్టుకుని లేచి వచ్చేశాను. రానని చెప్పాను. నాయన మూడు రోజులు పొద్దున్నే లేచి, పద తల్లీ, నేను వచ్చి అయ్యవారితో మాట్లాడతా అన్నాడు. నాలుగో రోజు మంద ఇంకొకరికి అప్పగించి గిద్దలూరు పోయి, అట్టకు గుచ్చిన ఆరు గుండీలు కొని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అయినా నేను పోలేదు. ఆ గుండీలకు కాజాలు కుట్టడం మాత్రం నేర్చుకున్నాను. ఆ తర్వాత అడిగిన వాళ్ళందరికీ నాయనే మాన్పించాడని చెప్పాను. ఆయన ఎదురుగానే చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు.

పిల్ల నా చేతిలోని టై అంచు పట్టుకుని చూసింది.

"నాకెందుకు చెప్పినావు ఇప్పుడు?"

"నేను లేచి వచ్చేసినందుకు అయ్యవారికి ఏం నష్టం కాలేదు. మర్నాడు నా చోట్లో ఇంకో పిల్ల కూర్చున్నాది. నేను గెలిచినా అనుకున్నా. బతికినాన్లే, బతకకుండా ఏంది. కానీ నీ కాగితంలో ఉండేటివన్నీ నా చేతుల్లోంచి పోయినవే, వాటి పేర్లు చదవడానికి నాకు నువ్వు కావాల్సి వచ్చినాది. ఎదురు తిరగాలంటే లోపల కూర్చుని తిరగాల. పో, నీ తరగతికి పో. మధ్యాహ్నం గంటకు వచ్చి నీ టై తీసుకో."

"ఈసారి తిరగదు గదా?"

"తిరిగితే నేనే వేసుకుంటా."

అది మొహం తుడుచుకుని పోయింది.

ఎక్కడికి పోయినా భుజాన ఉండే సూదుల సంచి తీశాను. శనివారం మిగుల్చుకున్న గుడ్డ అందులోనే ఉంది, సంచి అవుతుందని మడిచి పెట్టుకున్నది. వరండా బండ మీద పరిచి, మూల నుంచి మూలకు ఐమూలగా సుద్దతో గీత గీశాను. ఒక ముక్కలో చాలలేదు, మెడ వెనక అతుకు వేయాల్సి వచ్చింది. కత్తెర ఆడుతుంటే పనికిరాని మూలలు పక్కకు పడుతున్నాయి. ఒక్కో మూల పడినప్పుడల్లా ఎంత గుడ్డ పోయిందో వేళ్ళతో కొలుచుకున్నాను. కానీ కత్తిరించిన పట్టీని చేతిలో పైకెత్తి వేలాడదీస్తే, నీళ్ళు జారినట్టు నేరుగా కిందికి దిగింది. నిలువు గుడ్డకు ఆ గుణం లేదు. అది పట్టుకున్నట్టే ఉంటుంది, ముడి వేస్తే ఎదురు తిరుగుతుంది. ఐమూల గుడ్డ మెడ ఎటు వంగితే అటు వంగి మళ్ళీ తన చోటికి వస్తుంది. ఇన్నేళ్ళు గుడ్డతో బతికి ఆ రోజు బడి వరండాలో నేర్చుకున్నాను.

పాత టైలోని బక్రం విప్పి ఇందులో పెట్టాను. తెల్ల గీతలకు ఈసారి కొలత చూడలేదు. గుడ్డ నేత పోగు ఎటు పోతే అటు సూదిని పోనిచ్చాను. గీతలు వాటంతట అవే ఏటవాలుగా వచ్చాయి. వాచ్‌మన్ వచ్చి నీళ్ళ చెంబు పక్కన పెట్టి, గేటు వదిలి వచ్చినందుకు అటూ ఇటూ చూసుకుంటూ, "అక్కా, ఇంత మొండితనం యాడ నేర్చినావు?" అన్నాడు.

"బడిలోనే," అన్నాను.

గంట కొట్టేసరికి ఆఖరి ముడి వేసి దారం కొరికాను. పిల్ల వచ్చి వేసుకుంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిపించాను. తర్వాత పరుగెత్తమన్నాను. టై కదల్లేదు. ప్రిన్సిపాల్ మేడం వచ్చి చూసింది. ముడి పట్టుకుని చూసింది, వెనక తిప్పి కుట్టు చూసింది.

"రంగు మాత్రం మాది కాదు మామ్మగారూ. కాస్త ముదురు."

"నాలుగు ఉతుకులు పడితే మీదే అవుతాది మేడం."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. మాట ఇచ్చింది కాబట్టి నిలబెట్టుకుంది.

అన్నం తిన్నాక ఏడో తరగతిలో మా పిల్ల మాట్లాడింది. మైకు లేదు, బడి మొత్తం లేదు, నలభై మంది పిల్లలు, వాళ్ళ ఇంగ్లీషు మేడం అంతే. నన్ను లోపలికి రమ్మన్నారు, నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఇంగ్లీషులో ఒక మాట, తెలుగులో ఒక మాట చెప్పింది. మొగ్గ గురించి చెప్పింది, కాజా ఇంటి గురించి చెప్పింది, తల గుడ్డ చేతికి రావడం చెబితే పిల్లలు నవ్వారు. పొద్దున నవ్విన నవ్వు కాదది. సిపాయిల మెడగుడ్డ గురించి చెప్పేటప్పుడు తన టైని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించింది.

ఆఖరున పిన్ను వచ్చింది. నేను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. పొద్దున చెప్పిన సంగతి నలభై మంది ముందు చెప్పేస్తుందేమోనని నాకు భయం వేసింది. పిన్ను అంటే మొదట్లో చిన్న చెక్క మేకు అని కాగితంలో ఉన్నది చదివింది. కాగితం మడిచి, కిటికీ వైపు చూడకుండా, ఇంకొక్క మాట అంది.

"పిన్ను లేనప్పుడు ముల్లు పెట్టుకునేవాళ్ళు. అది పెట్టుకుని కూడా బడికి వచ్చేవాళ్ళు."

అంతే చెప్పి వచ్చి కూర్చుంది.

కొత్త ఏడాది బడి తెరిచారు. మళ్ళీ కవరు కొనమని కాగితం పంపారు. కొనలేదు. అదే టై వేసుకుని పోతోంది, రంగు కూడా కొంచెం దిగింది. దర్జీకి మాత్రం ఐమూల సంగతి నేను ఒప్పుకోలేదు, అతనూ అడగలేదు. కానీ ఇంట్లో ఒక మాట సరిచేయాలి. కొడుకును, కోడలిని కూర్చోబెట్టి నోటితో చెప్పబోతే నాకు మాట రాలేదు. అందుకని పిల్ల నోటు పుస్తకం అడిగి తీసుకుని, తెలియని చోట దాన్నే అక్షరాలు అడిగి, ఇదంతా రాశాను. మా నాయన నన్ను బడి మాన్పించలేదు. ఆయన గిద్దలూరు పోయి ఆరు గుండీలు కొని తెచ్చాడు.